రెండు వారాల సెలవు, జాన్ మ్యూర్ ట్రెయిల్, మొదటి నడక: ముందు మైళ్లు తగ్గించు

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే దిద్దు. నువ్వూ మీ ఆవిడా ఫ్రీమాంట్‌లో ఉంటారు. ఇద్దరికీ ముప్పై దాటాయి. వారాంతాల్లో ఊరి పక్కనున్న మిషన్ పీక్ కొండ ఎక్కుతుంటారు, యోసెమిటీలో రెండు మూడు డే హైకులు చేశారు. టెంట్‌లో పడుకున్నది మాత్రం ఎప్పుడూ కారు పక్కనే. వచ్చే ఆగస్టులో రెండు వారాల సెలవు దొరికింది, అందులో కాలిఫోర్నియా కొండల్లోని జాన్ మ్యూర్ ట్రెయిల్ అనే కాలిబాట మొత్తం నడిచేయాలని ప్లాను. ఇద్దరూ శాకాహారులు. ఏ టెంట్, ఏ బ్యాగ్, ఏ బూట్లు అంటూ తొమ్మిది ప్రశ్నలు అడిగావు. నడవగలమా అని మాత్రం అడగలేదు. నేను అక్కడే మొదలుపెడతాను.

ట్రెయిల్ పొడవు 211 మైళ్లు, మన లెక్కలో 340 కిలోమీటర్లు. యోసెమిటీ లోయలో హ్యాపీ ఐల్స్ దగ్గర మొదలై 14,505 అడుగుల విట్నీ శిఖరం మీద అయిపోతుంది. ట్రెయిల్ అయిపోతుంది గానీ మన నడక అవదు. శిఖరం మీద నుంచి రోడ్డు దగ్గరికి దిగడానికి ఇంకో పది పదకొండు మైళ్లు. అంటే 14 రోజులకీ రోజుకి దాదాపు 16 మైళ్లు, ఒక్క పూట కూడా విశ్రాంతి లేకుండా. దీనికి తోడు మొత్తం మీద 40 వేల అడుగులకు పైగా ఎక్కుడు. అలా నడిచేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లలో ఎక్కువమందికి అది మొదటి నడక కాదు. మిషన్ పీక్ పోనూ రానూ ఆరు మైళ్లు, ఎక్కుడు రెండు వేల అడుగుల పైచిలుకు. దాన్ని ఒకే రోజు రెండున్నర సార్లు, వీపు మీద 15 కిలోలతో, పదివేల అడుగుల ఎత్తులో పల్చటి గాలి పీలుస్తూ చేసి, మర్నాడు లేచి మళ్లీ చేసి, అలా పద్నాలుగు రోజులు చేయడాన్ని ఊహించుకో.

నా మొదటిసారి కథ చెప్తే నీకు బాగా అర్థమవుతుంది. పదేళ్ల పైమాటే. నేనూ మా ఆయనా ఇదే పిచ్చి ప్లానుతో బయల్దేరాం. నా బ్యాగ్ 21 కిలోలు, ఆయనది 25. ఆయన బ్యాగ్‌లో రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఉంది. ఆయన లాజిక్ ఏంటంటే, పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, అందుకని పప్పు ఉడకదు, కుక్కర్ ఉంటే ఉడుకుతుంది. ఫిజిక్స్ ప్రకారం తప్పు పట్టడానికేం లేదు. మొదటి రాత్రి లయెల్ క్యాన్యన్‌లో, చీకటి పడి, ఏటి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని చోట ఆ కుక్కర్ విజిల్ వేసింది. చుట్టుపక్కల టెంట్లలోంచి నాలుగైదు హెడ్‌ల్యాంపులు ఒక్కసారిగా వెలిగాయి. ఎవరో పెద్దాయన చెప్పులు లేకుండానే బయటికి వచ్చి, ఏదో ప్రమాదం జరిగి ఎవరో సహాయం కోసం విజిల్ ఊదుతున్నారనుకున్నానన్నాడు. పప్పు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. నాలుగో రోజు రెడ్స్ మెడో చేరేసరికి నా రెండు మడమలూ చర్మం ఊడి ఉన్నాయి, ఆయన మోకాలు మడత పడటం మానేసింది. అక్కణ్నుంచి బస్సెక్కి మ్యామత్ లేక్స్ అనే ఊరికి వెళ్లిపోయాం. మిగతా పది రోజుల సెలవూ ఇంట్లో టీవీ ముందు గడిచింది.

తర్వాత మూడు వేసవుల్లో ఆ ట్రెయిల్‌ని ముక్కలుగా పూర్తిచేశాం. ఆ పైన మళ్లీ చాలాసార్లు వెళ్లాం. నీకు నేను చెప్పేది కూడా ముక్కే. కానీ మంచి ముక్క.

ట్వాలమీ మెడోస్‌లో మొదలుపెట్టండి. లయెల్ క్యాన్యన్ మీదుగా దక్షిణానికి నడిచి, బిషప్ పాస్ దాటి సౌత్ లేక్ దగ్గర బయటికి రండి. మొత్తం సుమారు 126 మైళ్లు. 14 రోజులకి రోజుకి తొమ్మిది. ఆ 126 మైళ్లలోనే డొనహ్యూ, సిల్వర్, సెల్డెన్, మ్యూర్, బిషప్ అని ఐదు పెద్ద కనుమలున్నాయి. థౌజండ్ ఐలండ్ లేక్, ఎవల్యూషన్ వ్యాలీ రెండూ ఇందులోనే వస్తాయి, నన్నడిగితే మొత్తం ట్రెయిల్‌లో అవే అసలైన చోట్లు. విట్నీ ఉండదు. విట్నీ కోసం ఇంకో ఏడాది వెళ్లొచ్చు, అది ఎక్కడికీ పోదు.

ఈ దారికి ఇంకో సుగుణం ఉంది. తనంతట తానే మూడు ముక్కలుగా విడిపోతుంది. ట్వాలమీ నుంచి రెడ్స్ మెడోకి 36 మైళ్లు, నాలుగు రోజులు. రెడ్స్ నుంచి మ్యూర్ ట్రెయిల్ ర్యాంచ్‌కి 50 మైళ్లు, ఐదు రోజులు. ర్యాంచ్ నుంచి సౌత్ లేక్‌కి 40 మైళ్లు, ఐదు రోజులు. మధ్యలో ఉన్న రెండు చోట్లా ముందుగా పంపుకున్న తిండి తీసుకోవచ్చు. కాబట్టి ఎప్పుడూ ఐదు రోజుల తిండికి మించి మొయ్యక్కర్లేదు. రెండు చోట్లకీ మధ్యాహ్నానికల్లా చేరేలా చూసుకుంటే రెండు పూటల విశ్రాంతి కూడా దొరుకుతుంది. బ్యాగ్ బరువు, తిండి, బూట్లు అన్నీ రోజుకి తొమ్మిది మైళ్లన్న ఈ లెక్క మీదే నిలబడతాయి. 16 మైళ్ల లెక్కకైతే నేను చెప్పబోయేవి చాలావరకు పనికిరావు.

పర్మిట్ సంగతి. ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, మీ చేతిలో తక్కువున్న పని కూడా. యోసెమిటీలో రాత్రి బస చేసే నడకలకి పర్మిట్లలో 60 శాతం 24 వారాల ముందు లాటరీలో ఇస్తారు, మిగతా 40 శాతం వారం ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు. రెండూ రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లోనే. ఆగస్టు 16న మొదలుపెట్టాలంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో లాటరీలో ఉండాలి. లయెల్ క్యాన్యన్ అని ఉంటే సరిపోదు, డొనహ్యూ పాస్ దాటి బయటికి వెళ్లే అనుమతి ఉన్న రకం ఎంచుకో. ఆ కనుమ దాటేవాళ్లకి రోజుకి విడిగా కోటా ఉంది. ఒకే తేదీ పెట్టుకుని కూర్చోకుండా వారంలో ఉన్న తేదీలన్నీ పెట్టు. బుధవారం మొదలుపెడితే ఆఫీసులో ఎవరూ ఏమనరు.

లాటరీ తగలకపోతే బెంగపడకు. కనుమకి అవతలివైపు ఇన్యో నేషనల్ ఫారెస్ట్ ఉంది, దాని పర్మిట్లు వేరు. అక్కడ 60 శాతం ఆరు నెలల ముందు, 40 శాతం రెండు వారాల ముందు దొరుకుతాయి. సిల్వర్ లేక్ దగ్గర రష్ క్రీక్ నుంచో, ఆగ్న్యూ మెడోస్ నుంచో ఎక్కి థౌజండ్ ఐలండ్ లేక్ దగ్గర ఇదే దారిలో కలవొచ్చు. పోయేది లయెల్ క్యాన్యన్, డొనహ్యూ మాత్రమే. మొదటి పర్మిట్ ఎక్కడ తీసుకున్నా దారంతా అదే చెల్లుతుంది, ప్రతి అడవికీ వేరే అక్కర్లేదు. స్టవ్ వెలిగించడానికి మాత్రం కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఒకటి కావాలి, ఆన్‌లైన్‌లో ఉచితంగా పది నిమిషాల్లో వస్తుంది. దాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఎప్పుడు వెళ్లాలన్నదాంట్లో నువ్వు సరిగ్గానే ఎంచుకున్నావు. జులైలో దోమలు భరించలేం, మంచు కరిగి ఏళ్లు ఉరకలేస్తుంటాయి. 2023లో మంచు ఎంత పడిందంటే ట్వాలమీకి వెళ్లే టయోగా రోడ్డు జులై 22కి గానీ తెరవలేదు. ఆగస్టు నడిమికి దోమలు తగ్గుతాయి, ఏళ్లు నెమ్మదిస్తాయి. బదులుగా రెండు భయాలు. ఒకటి మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు. రెండోది కార్చిచ్చు పొగ. మొదటిదానికి మందు ఒక్కటే, తెల్లారి ఆరింటికి నడక మొదలుపెట్టి మధ్యాహ్నం పన్నెండులోపు కనుమ దాటేయడం. రెండోదానికి, దారిలో ఎక్కడెక్కడ బయటికి పోవచ్చో ముందే తెలిసి ఉండటం. 2020 సెప్టెంబరులో క్రీక్ ఫైర్ వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల అడవులన్నీ మూసేశారు. మీ దారిలో రెడ్స్ మెడో, ఎడిసన్ సరస్సు ఒడ్డున వర్మిలియన్ వ్యాలీ, ఫ్లారెన్స్ లేక్, పయూట్ పాస్, బిషప్ పాస్ ఇవీ బయటికి పోయే దార్లు. కాగితం మ్యాప్ మీద వీటిని ఎర్ర పెన్నుతో దిద్దుకుని పెట్టుకోండి. ఫోన్‌లో మ్యాప్ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఫోన్ ఏట్లో పడుతుంది. నాది పడింది.

ఇప్పుడు నీకు అన్నిటికంటే ఇష్టమైన టాపిక్, సామాను. దీని గురించి నెట్‌లో జనం కావలసినంత రాశారు కాబట్టి నేను తక్కువే చెప్తా. తిండి, నీళ్లు, గ్యాస్ కాకుండా బ్యాగ్ ఎనిమిది కిలోలు దాటకూడదు. దానికి ఐదు రోజుల తిండి మూడు కిలోల పైచిలుకు, ఎలుగుబంటి డబ్బా (తిండి ఎలుగుబంట్లకి దొరక్కుండా దాచే గట్టి డబ్బా) కిలో పైన, నీళ్లు ఒకటిన్నర, గ్యాస్ అరకిలో కలిపితే 14, 15 కిలోలకి వస్తుంది. నీకు అది సరే. మా మరదలి బరువు నాకు తెలీదు గానీ, మనిషి బరువులో ఐదో వంతు దాటితే మోకాళ్లు ఊరుకోవు. టెంటూ స్టవ్వూ నీ బ్యాగ్‌లోకి రావాలి. సమానంగా పంచుకుందాం అని పంతం పట్టే ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని, ఆ పంతం ఖరీదు రెండు మడమలు. డబ్బులు మూడు వస్తువుల మీద పెట్టు: టెంట్, స్లీపింగ్ బ్యాగ్, వీపు బ్యాగ్. వీపు బ్యాగ్ అన్నిటికంటే చివర కొను, మిగతావి ఎంత చోటు పడతాయో తెలిశాక. స్లీపింగ్ బ్యాగ్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి దాకా తట్టుకునేది తీసుకో. ఆగస్టులో కూడా ఎవల్యూషన్ లేక్ దగ్గర పొద్దున లేస్తే సీసాలో నీళ్ల మీద పల్చటి మంచు పొర కట్టి ఉంటుంది. నీళ్ల ఫిల్టర్‌ని ఆ రాత్రుళ్లు స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుని పడుకోండి. గడ్డకడితే అందులో సన్న గొట్టాలు పగిలిపోతాయి, పైకి ఏమీ తెలీదు, నీళ్లు వస్తూనే ఉంటాయి, వడకట్టడం మాత్రం ఆగిపోతుంది.

నూలు బట్టలు వద్దు. జీన్స్ ఎలాగూ తేవని నాకు తెలుసు, కానీ ఆ కాటన్ టీషర్టు ఒక్కటీ పడుకునేటప్పుడు వేసుకోవచ్చులే అనుకుంటావు చూడు, అది కూడా వద్దు.

బూట్ల గురించి ఒక్క మాట. అరసైజు పెద్దవి కొను, సాయంత్రం పూట కొను. నడిచే కొద్దీ, ఎత్తు పెరిగే కొద్దీ పాదం ఉబ్బుతుంది. నా మొదటి బూట్లు షాపులో పొద్దున పదింటికి సరిగ్గా సరిపోయాయి. మడమ మీద ఎక్కడైనా వేడిగా అనిపించిందంటే ఆ క్షణమే ఆగి టేపు వెయ్యి. వచ్చే మలుపు దాకా చూద్దాం అనుకున్నవాళ్లకే బొబ్బలు.

ఎలుగుబంటి డబ్బా, అంటే బేర్ క్యానిస్టర్, ఈ దారిలో తప్పనిసరి. అది లేకపోతే పర్మిట్ ఇవ్వరు. మనిషికొకటి. బేర్‌వాల్ట్ బీవీ500 అనేది 11.5 లీటర్లు పడుతుంది, ఐదు రోజుల తిండి సర్దితే సరిపోతుంది. వాసనొచ్చేదేదైనా రాత్రి అందులోనే ఉండాలి: టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, లిప్‌బామ్, చెత్త, ఆవకాయ. డబ్బాని టెంట్‌కి దూరంగా, నీటి ఒడ్డున కాకుండా, దొర్లిపోయే వాలు లేని చోట పెట్టాలి. దాని మీద కూర్చుని తినొచ్చు, కుర్చీ మోసే పని తప్పుతుంది.

ఇక తిండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే ఈ విషయంలో మనవాళ్లకి ఇంగ్లీషు పుస్తకాలు పెద్దగా సాయం చేయవు. దుకాణంలో అమ్మే ఎండు భోజనం పొట్లాలు ఒక్కోటి 12, 15 డాలర్లు. వెజిటేరియన్‌వి ఐదారు రకాలుంటాయి, మూడో రోజుకి అన్నీ ఒకే రుచి. ఐదో రోజుకి మీ ఆవిడ తినడం మానేస్తుంది. తినకపోతే నడవలేదు. రోజుకి మనిషికి 650 గ్రాముల పొడి తిండి, అందులో కొవ్వు ఎక్కువుండేలా చూసుకోవాలి. నెయ్యి గ్రాముకి తొమ్మిది క్యాలరీలు, వేరుశెనగలు ఆరుకి దగ్గర, బియ్యం నాలుగు లోపే. మన అమ్మమ్మల వంటల్లో దీనికి సరిగ్గా సరిపోయేది సున్నుండ. మినప్పిండి, బెల్లం, నెయ్యి. కనుమ ఎక్కే ముందు ఒకటి, ఎక్కాక ఒకటి. చక్కెరతో చేసినవి ఎండకి పొడిపొడి అవుతాయి, బెల్లంతో చేసి గట్టిగా నొక్కితే నిలుస్తాయి. పల్లీ పట్టీ, నువ్వుల ఉండలు కూడా అంతే. రెండు వారాలకి మేం ఇద్దరం కలిసి అరవై సున్నుండలు పట్టుకెళ్తాం, ఒక్కటీ వెనక్కి రాదు.

పొద్దున పూటకి ఉప్మా. బొంబాయి రవ్వని దోరగా వేయించాలి. నేతిలో ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు కరకరలాడేదాకా పోపు పెట్టి అందులో కలిపెయ్యాలి. ఉప్పు, చిటికెడు నిమ్మ ఉప్పు. చల్లారాక ఒక్కో మనిషికి 110 గ్రాముల చొప్పున జిప్ పొట్లాల్లో కట్టు. అక్కడ మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, పాత కంబళి ముక్కో జాకెట్టో చుట్టి పది నిమిషాలు వదిలేస్తే అయిపోతుంది. మంట మీద కలిపే పని లేదు, గ్యాస్ మిగులుతుంది. మధ్యాహ్నానికి స్టవ్ వెలిగించకండి. పల్చటి అటుకుల్లో పులిహోర పొడి, వేయించిన పల్లీలు కలిపి తీసుకెళ్తే చల్లటి నీళ్లు చిలకరించినా రెండు నిమిషాల్లో మెత్తబడతాయి.

రాత్రికి పప్పన్నం. టమాటా పప్పుని ఇంట్లో నూనె, పోపు లేకుండా ముద్దగా ఉడికించి బాగా మెదుపు. నూనె ఉంటే ఎండదు, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. పార్చ్‌మెంట్ కాగితం మీద అప్పడమంత పల్చగా పరిచి డీహైడ్రేటర్‌లో 135 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రాత్రంతా ఉంచు. పొద్దున చూస్తే వేసవిలో చెరువు అడుగులా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది. వేలితో విరిస్తే టప్పుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే రవ్వలా అవుతుంది. 60 గ్రాముల ఆ రవ్వ, 90 గ్రాముల ఇన్‌స్టంట్ రైస్ ఒక పొట్లం. నిమిషం మరిగించి, చుట్టిపెట్టి, ఇరవై నిమిషాలు ఓపిక పట్టి, పైన రెండు చెంచాల నెయ్యి. పప్పు రెండోసారి ఉడకనక్కర్లేదు కాబట్టి 90 డిగ్రీల నీళ్లతో ఇబ్బంది లేదు. మా ఆయన కుక్కర్ సిద్ధాంతానికి నా జవాబు ఇదే, కనిపెట్టడానికి మూడేళ్లు పట్టింది. రోజూ పప్పే అంటే విసుగు కాబట్టి ఒకరోజు కందిపొడి, ఒకరోజు కరివేపాకు పొడి, ఒకరోజు నూడుల్స్. ఆవకాయ గాజు సీసాలో వద్దు. మరచుట్టు మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ముక్కలేకుండా గుజ్జు మాత్రం పెట్టి, దాన్ని మళ్లీ రెండు జిప్ కవర్లలో పెట్టు.

రెండో, మూడో ముక్కలకి తిండి ముందే పంపాలి. మ్యూర్ ట్రెయిల్ ర్యాంచ్‌కి పంపేది పెయింట్ అమ్మే ఐదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్‌లోనే పంపాలి, అట్టపెట్టెలని ఎలుకలు వదలవు. నెల ముందే పోస్టులో పడేయ్. రుసుము గట్టిగానే ఉంటుంది, దాని గురించి ఏడవకు, అక్కడికి మామూలు రోడ్డు లేదు, కష్టపడి మోసుకెళ్తారు. గ్యాస్ డబ్బా మాత్రం పార్సిల్‌లో పెట్టకూడదు. బకెట్ అడుగున ఎవరికీ చెప్పకుండా ఒక మైసూర్‌పాక్ పొట్లం పెట్టు. మరదలికి కూడా చెప్పకు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం దాని విలువ తెలుస్తుంది.

మరుగు విషయం సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. నీటికి, దారికి, టెంటుకి 200 అడుగుల దూరం, అంటే సుమారు డెబ్బై అంగలు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి. టాయిలెట్ కాగితం వాడితే దాన్ని పూడ్చకూడదు, మోసుకెళ్లాలి. ఇక్కడే మనకో లాభం ఉంది. సీసాకి బిగించే చిన్న బిడే మూత ఒకటి దొరుకుతుంది, పావు లీటరు నీళ్లతో పని జరిగిపోతుంది, కాగితం మోసే బాధ లేదు. చేతులు సబ్బుతో కడుక్కునేది కూడా ఆ గొయ్యి దగ్గరే, ఏట్లో కాదు. మరదలికి ఒక మాట: ఎత్తుకి, శ్రమకి నెలసరి ముందే రావొచ్చు, తేదీ కాదులే అనుకుని వదిలేయకుండా సామాను పెట్టుకోమను. వాడినవన్నీ వెనక్కి తేవాల్సిందే, అందుకు లోపల కనపడని ముదురు రంగు సంచి ఒకటి విడిగా ఉంటే మనసుకి ఇబ్బంది ఉండదు.

ఎత్తు గురించి. ట్వాలమీ 8,600 అడుగులు. పర్మిట్ ఉన్నవాళ్లకి ముందు రాత్రి పడుకోవడానికి అక్కడ బ్యాక్‌ప్యాకర్ల క్యాంప్ ఉంది, తప్పకుండా వాడుకోండి. మొదటి రోజు లయెల్ క్యాన్యన్ చాలావరకు చదును, ఏటి పక్కనే నడక, హాయిగా ఉంటుంది. ఆ హాయికి మోసపోయి అదే రోజు పైకి ఎక్కేయొద్దు. లోయ చివర పడుకుని రెండో రోజు పొద్దున 11,056 అడుగుల డొనహ్యూ దాటండి. తలనొప్పి కొద్దిగా వస్తే నీళ్లు తాగి ఆగండి. తలనొప్పికి వాంతి తోడైతే ఎక్కడం ఆపేయండి, తగ్గకపోతే దిగండి. దిగితే తగ్గుతుంది, మాత్రలతో నెట్టుకురావడం వద్దు.

దారి మొత్తం వర్ణించను, మీరే చూస్తారు. రెండు మూడు చోట్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. రెడ్స్ దాటాక డియర్ క్రీక్ దగ్గర సీసాలన్నీ నింపుకోండి, డక్ క్రీక్ దాకా ఐదారు మైళ్లు నీళ్లుండవు, ఎండ మొహాన కొడుతుంది. ఎవల్యూషన్ క్రీక్‌కి వంతెన లేదు, ఏట్లో దిగి దాటాలి. పొద్దున నీరు తక్కువుంటుంది. బ్యాగ్ నడుం పట్టీ విప్పేసి దిగండి, కాలు జారితే బ్యాగ్ వదిలించుకోగలగాలి. 11,955 అడుగుల మ్యూర్ పాస్ మీద 1930లో కట్టిన రాతి గుడిసె ఉంది, పైకప్పు కూడా రాయే. పిడుగులొస్తే తలదాచుకోవడానికి, రాత్రి పడుకోవడానికి కాదు. అక్కడ లోపలికెళ్లి రాతి బల్ల మీద కూర్చుని సున్నుండ తిన్న రోజున నాకు మా తెనాలి ఇంటి చావిడి గుర్తొచ్చింది, ఎందుకో తెలీదు, బహుశా ఆ చల్లదనం వల్లేమో.

తయారీకి మీకు ఆరు నెలలుంది. మిషన్ పీక్‌ని వదలొద్దు, కానీ ఇక నుంచి బ్యాగ్‌లో పది కిలోల సోనామసూరి సంచి పెట్టుకుని ఎక్కండి. జనం అడుగుతారు, చెప్పండి. శనివారం ఎక్కినవాళ్లు ఆదివారం మళ్లీ ఎక్కాలి, కాళ్లు అలిసి ఉన్నప్పుడు నడవడమే మనకి కావాల్సిన సాధన. ఏప్రిల్‌లో హెన్రీ కో పార్క్‌లో ఒక రాత్రి, జులైలో డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లో రెండు రాత్రులు, పూర్తి సామానుతో, పూర్తి తిండితో. తిరిగొచ్చాక హాల్లో దుప్పటి పరిచి బ్యాగ్ బోర్లించండి. వర్షం జాకెట్, మందుల పెట్టె కాకుండా, మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ముట్టుకోనిది ఏదైనా ఇంట్లోనే ఉండిపోతుంది. మా ఇంట్లో ఆ దుప్పటి మీద మా ఆయన బైనాక్యులర్స్ మూడేళ్లు వరసగా కనపడ్డాయి.

ఫోన్ సిగ్నల్ రెడ్స్ దాటాక దాదాపు ఉండదు. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి. రోజూ రాత్రి ఒక మెసేజ్, ఇక్కడ ఒక స్నేహితుడికి. ఊళ్లో అమ్మకి మాత్రం నెల ముందే చెప్పడం మొదలుపెట్టు, పద్నాలుగు రోజులు ఫోన్ ఉండదని. చివరి రోజు చెప్తే కుదరదు. నేను చివరి రోజు చెప్పాను. మేం డొనహ్యూ ఎక్కుతుండగా మా అమ్మ హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకుతో అమెరికాలో ఉన్న తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేయించింది.

మూడో రోజో నాలుగో రోజో ఇద్దరిలో ఒకరికి ఏడుపొస్తుంది, ఇంటికి పోదాం అనిపిస్తుంది. ఒక ఒప్పందం చేసుకుని వెళ్లండి: ఆ మాట రాత్రిపూట, వానలో, ఖాళీ కడుపుతో అంటే లెక్కలోకి రాదు. పొద్దున ఉప్మా తిన్నాక కూడా అదే అనిపిస్తే అప్పుడు మాట్లాడుకోండి. అప్పుడు నిజంగానే వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపోండి, రెడ్స్ నుంచి బస్సుంది. అందుకే మొదటి ముక్కని నాలుగు రోజులకే పెట్టాను.

కారు సంగతి అడిగావు. బిషప్ అనే ఊళ్లో వదిలేయండి. అక్కణ్నుంచి మ్యామత్‌కి బస్సు, మ్యామత్ నుంచి ట్వాలమీకి వేసవిలో యార్ట్స్ బస్సు. సౌత్ లేక్ దగ్గర దిగాక బిషప్‌కి 20 మైళ్ల పైచిలుకు రోడ్డు, టాక్సీ లాంటి షటిల్‌వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి. లేదంటే పార్కింగ్‌లో ఎవరినైనా అడిగితే ఎక్కించుకుంటారు, పద్నాలుగు రోజులు స్నానం లేదని మాత్రం ఎక్కాక చెప్పండి.

డబ్బాలు కొనకండి. మా గరాజ్‌లో బీవీ500లు రెండు ఊరికే ఉన్నాయి, జులైలో డెసొలేషన్ వెళ్లే ముందు వచ్చి పట్టుకెళ్లు. ఒకదాని మూత లోపల పసుపు మరక కనపడుతుంది, సబ్బుతో పోదు, అది 2017 నాటి ఆవకాయ నూనె.